మాణిక్యమ్మ ఎడమ చెయ్యి

మా అత్త మాణిక్యమ్మ నోరు మంచిది కాదని పాతబస్తీ హుస్సేనీ ఆలంలో అందరికీ తెలుసు. ఆమె చెయ్యి మంచిదని కూడా అందరికీ తెలుసు. కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాకు ముందు ఎదురైంది నోరే. చెయ్యి సంగతి తెలియడానికి కొన్నేళ్లు పట్టింది.

ఆమె సర్కారు కాన్పుల దవాఖానలో ఆయా. పొద్దున్నే నీలం అంచు తెల్లచీర కట్టుకుని, దవడన పాన్ పెట్టుకుని, నయాపూల్ దాకా నడిచే వెళ్లేది. బస్సెక్కితే కండక్టరుతో కొట్లాట పెట్టుకుంటుందని మా మామ గుండయ్యే నడవమన్నాడట. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు, కండక్టర్లకు మొహం చూపించాల్సిన మనిషి. ఆయన మాట్లాడేది చాలా తక్కువ. ఇద్దరి వంతూ ఆమే మాట్లాడేది.

ఆయా పని అంటే చాలామంది ఊడవడం, తుడవడం అనుకుంటారు. అదీ ఉంది. కానీ మా అత్త అసలు పని ఎత్తడం. నొప్పులతో వచ్చిన మనిషిని స్ట్రెచర్ మీది నుంచి బల్ల మీదికి, కాన్పయ్యాక బల్ల మీది నుంచి మంచం మీదికి ఎత్తాలి. బొద్దుగా ఉన్నవాళ్లు, బక్కచిక్కినవాళ్లు, స్పృహ తప్పినవాళ్లు, భయంతో బిగుసుకుపోయి చేతికి లొంగనివాళ్లు, అందరినీ ఎత్తాలి. ఎత్తేముందు ఆమె దేవుణ్ణి పిలిచేది. తన దేవుణ్ణి కాదు, పడుకున్న మనిషి దేవుణ్ణి. బుర్ఖా తీసి పక్కన పెట్టిన ఆమెకు "బిస్మిల్లా" అనేది. బహదూర్‌పురా నుంచి వచ్చిన క్రైస్తవుల పిల్లకు "యేసయ్యా" అనేది. మాబోటి వాళ్లకు "ఎల్లమ్మ తల్లీ". ఆ పిలుపు వినగానే పడుకున్న మనిషి ఒళ్లు సడలేది, సరిగ్గా ఆ క్షణాన మిగతా ఆయాలు కూడా చేతులేసి లేపేవారు. ఒక్కరినీ జారవిడవలేదని ఆమె గొప్పలు చెప్పుకునేది. గొప్పలు చెప్పుకుంటుంటే నాకు ఒళ్లు మండేది గానీ అందులో అబద్ధం లేదు.

ఎనభై ఆరులో నేను రెండోసారి కడుపుతో ఉన్నాను. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మా ఆచారం కాబట్టి అప్పుడు వికారాబాద్ దగ్గర మా అమ్మవాళ్ల ఊరికి పంపారు. బిడ్డ దక్కలేదు. తప్పు ఎవరిదీ కాదు. అయినా ఆ గది, ఆ మంచం, చుట్టూ చేతులు పిసుక్కుంటూ నిలబడ్డ ఆడవాళ్లు నాకు కళ్లు మూసుకుంటే కనిపించేవారు. ఈసారి నెల తప్పిందని తెలియగానే మా అత్త మా అమ్మ మొహం మీదే చెప్పేసింది.

"వదినె, ఈసారి పిల్లను పంప. నా వార్డుల, నా కండ్ల ముంగట్నే కావాలె. నువ్వు కారంపొడి, నెయ్యి తెచ్చి పెట్టు, చాలు."

మా అమ్మ చిన్నబుచ్చుకుంది. నేను మాత్రం ఆ మాట పట్టుకునే రోజులు వెళ్లదీశాను. కాన్పుల గదిలోకి ఇంటివాళ్లను రానివ్వరు. తల్లయినా, కట్టుకున్నవాడైనా బయట వరండాలో కూర్చోవలసిందే. మా అత్త మాత్రం వార్డు మనిషి. ఆమె లోపల ఉంటుంది. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

అలాంటి సమయంలో, ఆషాఢం వానల్లో, మా అత్త మా వాకిట్లో నాపరాయి మీద జారి కుడిచెయ్యి నేలకు ఆనించింది. పెద్ద పాటు కూడా కాదు. చేతిలో ఉన్న చెంబు కూడా సొట్టపోలేదు. మణికట్టు మాత్రం విరిగింది.

కట్టు విప్పిన రోజున ఎముకల డాక్టరు తల ఆడించాడు. ఇంత చిన్నగా పడితే విరగకూడదని, లోపల ఎముక పలచబడి ఉండొచ్చని అన్నాడు. ఎముక ఎంత చిక్కగా ఉందో కొలిచే మిషన్ ఒకటి పరిశోధన కోసం ఇంకో పెద్ద దవాఖానకు కొత్తగా వచ్చిందట, అక్కడికి పొమ్మన్నాడు. ఆ మాట కాన్పుల దవాఖాన సూపరింటెండెంటు చెవిన పడింది. ఆమె మంచి మనిషే, మా అత్తంటే గౌరవమే. అయినా ఖరాఖండిగా చెప్పింది. ఎముకలు గట్టిగా ఉన్నాయని తేలితేనే కాన్పుల వార్డు. లేకపోతే కింద బట్టల గదిలో కూర్చుని దుప్పట్లు, దిండు గలీబులు ఇచ్చి పుచ్చుకోవడమే.

ఇంటికి వచ్చి మా అత్త ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె గొంతు మొదటిసారి చిన్నగా వినిపించింది. నేను కడుపు మీద చెయ్యి పెట్టుకుని అలాగే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

ఇక పరీక్షకు తయారీ మొదలైంది. నిజానికి తయారీ అంటూ ఏమీ లేదు. ముందురోజు కాల్షియం గోళీలు మింగొద్దు, చేతికి గాజులూ కడియాలూ ఉండొద్దు, నూనె రాసుకోవద్దు, అంతేనని డాక్టరు చెప్పాడు. అంతే అంటే మా ఇంట్లో ఊరుకునేవాళ్లెవరు? ఎముకలు గట్టిగా ఉన్నాయనిపించాలి కదా, అయితే వెళ్లేలోగా గట్టిపరిస్తే సరి అనుకున్నారు అందరూ. మా ఆయన బాబురావు ప్రెస్సు నుంచి వస్తూ రోజూ రాగిపిండి పట్టించుకొచ్చేవాడు. మా మామ నోరు తెరిచి "గుడ్లు" అన్నాడు, ఆ మర్నాటి నుంచి గుడ్లు వచ్చాయి. ఎదురింటి ఖుర్షీద్ ఖాలా పొద్దున పొద్దున్నే గిన్నె నిండా మేకకాళ్ల పాయా పంపేది. రాత్రంతా బొగ్గుల మీద ఉడికిన పాయా, వాసనకే గల్లీ లేచేది. మా అత్తతో పనిచేసే రాహేలు ఆదివారం చర్చిలో ఆమె ఎముకల కోసం ప్రార్థన చేయించి వచ్చింది.

"అక్కా, ఫికర్ చేయకు. పాస్టరుగారు నీ పేరు పెట్టి, మణికట్టు పేరు పెట్టి మరీ అడిగిండు," అంది.

"రెండు చేతుల మాట అడగమన్న గదనే! ఒక్క చెయ్యే అడిగిచ్చినవా?" అని మా అత్త కసిరింది.

ఇదంతా బాగానే ఉంది. పాన్‌డబ్బా సీతారాం ఉన్నాడే, అతనితో వచ్చింది చిక్కు. ఎముకలో ఉండేది సున్నమేనని డాక్టరు అన్నట్టు ఎవరో అతనికి చెప్పారు. ముప్పై ఏళ్లుగా మా అత్తకు పాన్ కట్టిచ్చేవాడు ఊరుకుంటాడా?

"గదేం పెద్ద బాత్, మాణికక్కా! సున్నమే గద కావాల్సింది. నేనున్న," అని పాన్‌లో సున్నం రెట్టింపు చేశాడు. పరీక్ష దగ్గర పడేకొద్దీ ఇంకా పెంచాడు. మా అత్త ఎంత మంట పెట్టినా నోరు మెదపకుండా నమిలింది. గోళీలు వద్దన్నారు గానీ సున్నం వద్దనలేదు కదా అన్నది ఆమె లాయరు పాయింటు. నేను వద్దంటే వినలేదు.

"నీ కోసమేనే నేను గీ మంట ఓర్చుకునేది. నువ్వు నడుమల రాకు," అంది.

పరీక్ష రోజు తెల్లవారేసరికి ఆమె నోరంతా పొక్కిపోయింది. పెదవులు ఉబ్బాయి, నాలుక కదలడం లేదు. మంచినీళ్లు తాగడానికే కళ్లలో నీళ్లు తిరిగాయి. మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేను ఎరగను. మా మామ పాపం భయపడిపోయి రెండుసార్లు "ఏమే" అని పిలిచి చూశాడు.

గాజులు తీయాలి. ఎడమచేతికి ఎర్ర మట్టిగాజులు, వెండి కడియం ఉన్నాయి. కట్టుకున్నవాడు ఎదురుగా ఉండగా బోసిచెయ్యి పెట్టుకుని గడప దాటడానికి ఆమె ఒప్పుకోదు, మాట రాకపోయినా తల అడ్డంగా ఊపడం వచ్చు కదా. చివరికి నేనే పసుపు పూసిన దారం తెచ్చి ఆమె చేతికి కట్టి, సబ్బు రాసి ఒక్కొక్క గాజూ తీశాను. ఆ చెయ్యి అంత దగ్గరగా నేను పట్టుకుని చూడటం అదే మొదలు. మణికట్టు ఇంత సన్నమా అనిపించింది. అంతమందిని ఎత్తిన చెయ్యి ఇదేనా అనుకున్నాను.

ఆమె వెంట వెళ్లడానికి మా ఆయనకు ప్రెస్సులో సెలవు దొరకలేదు. మా మామను పంపితే ఇద్దరు మాట్లాడనివాళ్లు డాక్టరు ముందు కూర్చుంటారు. ఏడో నెల కడుపుతో నేనే రిక్షా ఎక్కాను. దారి పొడుగునా ఆమె చేతులతో సైగలు చేస్తూనే ఉంది. అంతకుముందు వేసవిలో బావి దగ్గర కూడా జారిన సంగతి చెప్పొద్దట. నడుము నొప్పి మాట ఎత్తొద్దట. వయసు రెండేళ్లు తగ్గించి చెప్పాలట. అన్నిటికీ సరేనన్నాను.

పరిశోధన చేసే డాక్టరమ్మ చిన్నది, కోస్తా యాస. మిషన్ చూసి నేను నిరుత్సాహపడ్డాను. ఎంతో పెద్దది ఊహించుకున్నాను, తీరా చూస్తే కుట్టుమిషన్ బల్లంత ఉంది. చెయ్యి ఒక గూటిలో పెడితే, పైన చిన్న పరికరం మణికట్టు మీదుగా ఇటూ అటూ మెల్లగా తిరుగుతుందట. నొప్పి ఉండదట. ఎడమ చెయ్యి పెట్టమంది. అంతే, మా అత్త కళ్లు ఎర్రబడ్డాయి. కుడిచేతిని ఎత్తి చూపించింది, దాన్ని రొమ్ము మీద చరుచుకుంది, ఎడమచేతిని పక్కకు నెట్టేసింది. అర్థం కాక డాక్టరమ్మ నా వంక చూసింది.

"పని చేసింది కుడిచెయ్యట మేడం. ఎడమది దానికి తోడు వచ్చిందే తప్ప ఏం చేయలేదట. చూస్తే కుడిదే చూడమంటుంది," అన్నాను.

"విరిగిన చెయ్యి సరిగ్గా చూపించదమ్మా. విరగనిదే చూడాలి," అని ఆమె నవ్వి, ఇంతకీ ఈవిడ ఎందుకు మాట్లాడటం లేదని అడిగింది. సున్నం కథ చెప్పాను. డాక్టరమ్మ నోరు చూసి, వేలితో మందు పూసి, నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది. నాకు చిర్రెత్తింది. మా అత్తను చూసి నేను నవ్వుకోవచ్చు. ఇంకొకరు నవ్వితే ఊరుకుంటానా?

"నవ్వకండి మేడం. ఆమె ఎవరనుకున్నరు?" అన్నాను. మొదలుపెట్టాక ఆగలేకపోయాను. "పాతబస్తీల సగం పిల్లల తల్లులను ఎత్తిన మనిషి. లైట్లు పోతే చీకట్లనే రెండు మెట్లవరసలు మోసుకొచ్చిన రోజులున్నయి. కర్ఫ్యూ పెట్టినప్పుడు పోలీసుల ముంగట నుంచి తెల్లచీర చూపించుకుంట డ్యూటీకి పోయింది. ఎవ్వరినీ కింద పడెయ్యలే. గా వార్డుల ఉండనీకనే గింత సున్నం తిన్నది. నా మొదటి బిడ్డ దక్కలే. ఈసారి నా పక్కన ఉండాలని తిన్నది."

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. నేను మాత్రం ఆగలేదు. అంత పొగిడిన నోటితో అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. వేసవిలో జారిన సంగతి చెప్పాను. పొద్దున లేవగానే నడుము పట్టుకుని గోడ ఆసరాతో నడుస్తుందని చెప్పాను. ఈమధ్య కుచ్చెళ్లు నేలకు రాసుకుంటున్నాయని, అంటే మనిషి కాస్త పొట్టిగా అయ్యిందేమోనని కూడా చెప్పాను. అసలు వయసూ చెప్పాను. మా అత్త గుడ్లురిమి చూసింది. నోరు బాగుంటే నేను ఆ గది నుంచి ప్రాణాలతో బయటపడేదాన్ని కాదు. ఆ తర్వాత ఆమె మొహం గోడవైపు తిప్పుకుని, ఎడమచెయ్యి గూటిలో పెట్టి, మిషన్ తిరుగుతున్నంతసేపూ కదలకుండా కూర్చుంది.

వారం తర్వాత మళ్లీ వెళ్లాం. అప్పటికి నోరు నయమైంది, ఆ వారం అప్పు అంతా నా మీద తీర్చుకుంది కూడా. డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. ఈ వయసుకు ఉండాల్సిన దానికంటే ఎముక బాగా పలచన. మళ్లీ పడితే తుంటి విరగొచ్చు. గోళీలు మింగాలి, రాగులూ పాలూ మానొద్దు, రోజూ నడవాలి, ఎండలో కాసేపు ఉండాలి. ఇక బరువులు మాత్రం ఎత్తకూడదు, ఎప్పటికీ.

"మోసీ మోసీ అరిగినయా డాక్టరమ్మా?" అని మా అత్త అడిగింది.

"అరగలేదమ్మా. పని చేసిన ఎముకే నిలుస్తుంది. మీరు అంత పని చేయబట్టే ఈ మాత్రమన్నా మిగిలింది. మాలాగ కుర్చీల్లో కూర్చుని ఉంటే ఎప్పుడో విరిగేది," అంది డాక్టరమ్మ.

రిక్షాలో మా అత్త ఆ మాటను లోపల్లోపల తిప్పుకుంటున్నట్టు కూర్చుంది. ఇంటి మలుపు దగ్గర సీతారాం కనిపించి ఏమైందని అడిగితే, "పని జేసిన బొక్కలట! నిలిచినయట!" అని గట్టిగా చెప్పింది. పలచన మాట చెప్పలేదు. ఇంట్లోకి వచ్చి తలుపు వేశాక మాత్రం నా మీద పడింది. "నన్ను పొట్టిదైందని చెప్తవా? గా పరాయి మనిషి ముంగట?" అంది. బట్టల గదికి మార్చిన రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం మానేసింది. అన్నం వడ్డిస్తే తినేది, అంతే. చేసినదానికి నేను పశ్చాత్తాపపడలేదు. భయపడ్డాను. భయపడటం వేరు. ఆమెను కాపాడుకోవాలనే చెప్పాను, దాంతో నా పక్కన నిలబడే మనిషి లేకుండా పోయిందని తెలుసు.

నొప్పులు కార్తీకంలో, మధ్యాహ్నం అన్నాల వేళ మొదలయ్యాయి. మా అత్త డ్యూటీలో ఉంది. మా ఆయన ఆటోలో తీసుకెళ్లి దించాడు. కాన్పుల గది తలుపు దగ్గర ఆయన చెయ్యి వదిలేయక తప్పలేదు. స్ట్రెచర్ మీద లోపలికి వెళ్తూ పైకప్పు చూస్తున్నాను. ఒళ్లంతా కట్టెలా బిగుసుకుపోయింది. వికారాబాద్ గది మళ్లీ కళ్ల ముందుకు వచ్చింది.

బల్ల పక్కకు చేర్చారు. రాహేలు, ఇంకా ఇద్దరు ఆయాలు నా కింద చేతులు పెట్టారు. పెట్టి, ఎత్తకుండా తలుపువైపు చూస్తూ నిలబడ్డారు.

"ఏందమ్మా చూస్తున్నరు? ఎత్తుర్రి," అంది సిస్టర్ రమాబాయి. ఆ వార్డు ఆమెదే, ఆమె మాటకు ఎదురు ఉండదు.

"దుప్పట్లు రాలే సిస్టర్. బట్టల గదికి చెప్పి పంపిన. ఆమెనే తెమ్మన్న," అంది రాహేలు.

బల్ల మీద ఉతికిన దుప్పటి పరిచే ఉంది. సిస్టర్‌కు అది కనిపించకపోదు. ఆమె బల్ల వంక చూసింది, రాహేలు వంక చూసింది, తలుపు వంక చూసింది. ఇంతలో చంకన దుప్పట్ల కట్టతో మా అత్త వచ్చింది.

"మాణిక్యమ్మా, చెయ్యి వేయవద్దు. నీకు ఆర్డరుంది," అంది సిస్టర్.

"ఎయ్య సిస్టర్," అని మా అత్త దుప్పట్లు బల్ల చివర పెట్టి రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. నా మొహంలోకి వంగి చూసింది. నెల రోజులుగా నా వైపు సరిగ్గా చూడని మనిషి. "ఎల్లమ్మ తల్లీ," అంది. నా ఒళ్లు సడలింది. ఆ ముగ్గురూ ఒక్కసారిగా లేపారు. బల్ల మీదికి ఎప్పుడు చేరానో నాకు తెలియనే లేదు. వాళ్లకు ఆ పని నేర్పిన మనిషి చేతులు కట్టుకుని పక్కనే నిలబడి ఉంది. అంత నొప్పిలోనూ ఆమెను చూసి నాకు గర్వమేసింది. సిస్టర్ ఆమెను పొమ్మనలేదు, వెనక్కి తిరిగి సూదులు సర్దుకోసాగింది.

ఆ తర్వాత నొప్పులు ఊపిరి తీసుకోనివ్వలేదు. చేతికి ఏదో ఒకటి దొరకాలని గాల్లో తడుముకుంటుంటే మా అత్త తన చెయ్యి అందించింది. నేను బిగించి పట్టుకున్నాను. వేళ్ల కింద ఎముక తగిలింది. సన్నటి ఎముక. మిషన్ గూటిలో పెట్టిన ఆ ఎడమచెయ్యే. ఒక్కసారిగా భయం వేసి వదిలేశాను.

"ఏమే, ఎందుకిడ్సినవ్?"

"ఇరుగుతది అత్తమ్మా."

ఆమె కసురుకుంది. ఆ వార్డంతా ఎరిగిన పాత గొంతుతోనే కసురుకుంది.

"ఇరిగితే కట్టు కట్టిచ్చుకుంట. నువ్వు పట్టుకో."

పట్టుకున్నాను. బిడ్డ ఏడుపు వినబడేదాకా వదల్లేదు.